‘ఈ పంట చేతికొచ్చాక చూద్దాం’ అంటే ఒళ్లు ఊరుకోదు

ఎద్దు కుంటుతుంటే ఆ పూటే కాలు ఎత్తి గిట్ట చూస్తాం. గేదె మేత మానేస్తే పశువుల డాక్టరుకు కబురు పెడతాం. మిరప ఆకు ముడుచుకుంటే తెల్లారేసరికి మందుల కొట్టు ముందు నిలబడతాం. అదే మన మోకాలు వాచినా, నడుము పట్టేసినా మాత్రం ‘ఈ తడి అయ్యాక’, ‘ఈ కోత అయ్యాక’, ‘పండగ పోయాక’ అంటూ నెలలు గడిపేస్తాం.

ఇలా వాయిదా వేయడం ఆడవాళ్లలోనూ ఉంది. కాకపోతే మగవాళ్ల వాయిదాకు కొన్ని ప్రత్యేక కారణాలున్నాయి. రెండెకరాల రైతుకు పొలం ఎంత ఆస్తో, ఒళ్లూ అంతే ఆస్తి. ఆ ఒళ్లు మూలపడితే కూలీలను పెట్టి సేద్యం చేయించే స్తోమత చాలామందికి లేదు. కాబట్టి కండరాల నొప్పులు, కీళ్లనొప్పుల విషయంలో మగ రైతులు ఎందుకు ఆలస్యం చేస్తున్నారు, దానివల్ల ఏం నష్టం, ఎప్పుడు అస్సలు ఆగకూడదు అన్నవి ఈ వారం తెలుసుకుందాం.

ఎందుకీ వాయిదా?

1. ఖాళీ దొరకదు: రైతు క్యాలెండరులో ఖాళీ నెల అంటూ లేదు. తొలకరికి దుక్కి, ఆ వెనక ఎరువులు, మందు కొట్టడం, కోతలు, అవి కాగానే రబీ శనగ. ‘ఖాళీ అయినప్పుడు పోదాం’ అనుకుంటే ఆ రోజు రాదు.

2. ‘మగాడివి, ఈమాత్రం ఓర్చుకోలేవా?’: చిన్నప్పటి నుంచీ ఈ మాట వింటూ పెరుగుతాం. బస్తా ఎత్తలేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతామని భయం. అందుకే నొప్పి ఉన్నా పైకి చెప్పం.

3. పని మానేయమంటారేమోనన్న దిగులు: దీన్ని ఎవరూ బయటికి అనరు గానీ అసలు భయం ఇదే. సొంత రైతుకైతే పొలం కౌలుకు ఇవ్వాల్సి వస్తుందేమోనని. కౌలు రైతుకైతే భూమి యజమాని వచ్చే ఏడు మరొకరికి ఇస్తాడేమోనని. కూలికి పోయేవారికైతే మేస్త్రీ పిలవడేమోనని.

4. ఆపరేషను భయం: ‘నడుము ఆపరేషను చేస్తే మంచాన పడతాం’ అన్న మాట ఊళ్లలో బాగా నాటుకుపోయింది. నిజానికి నడుము నొప్పితో వచ్చేవారిలో ఆపరేషను అవసరమయ్యేది చాలా కొద్దిమందికే. ఎక్కువమందికి కొద్ది వారాల్లో మందులు, వ్యాయామాలతోనే తగ్గుతుంది.

5. నొప్పి వచ్చి పోతుండటం: నాలుగు రోజులు బాధపెట్టి, వారం రోజులు కనిపించకుండా పోతే ‘తగ్గిపోయిందిలే’ అనుకుంటాం. కొన్ని జబ్బుల స్వభావమే అది. నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు.

6. ‘వాతం, వయసు’ అని సరిపెట్టుకోవడం: కీళ్లనొప్పి అనగానే వాతం అంటాం. వాతం అన్న ఒక్క మాట కింద అరడజను వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకదాని మందు మరోదానికి పనిచేయదు.

7. ఆసుపత్రితో పరిచయం లేకపోవడం: ఆడవాళ్లకు కాన్పులు, పిల్లల టీకాల పేరుతోనైనా ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో మాట కలుస్తుంది. మగవాళ్లకు ఆ దారి లేదు. కొందరు నలభై ఏళ్లు వచ్చేదాకా బీపీ కూడా చూపించుకుని ఉండరు. ఎవరిని అడగాలో తెలియక ఆగిపోతారు.

8. చేతికందే ఉపశమనం: పక్కవీధిలో సూది, కిరాణా కొట్టులో మాత్ర, సాయంత్రం ఓ క్వార్టరు. పొద్దున్నే లేచి పనిలోకి పోవచ్చు. ఇక ఆసుపత్రికెందుకు అనిపిస్తుంది.

ఇంట్లో జరిగే మాటలు చూడండి. ‘ఏమయ్యా, రాత్రంతా మూలుగుతానే ఉన్నావు. పొద్దున ఆసుపత్రికి పోయొద్దామా?’ అంటుంది ఇల్లాలు. ‘ఏం లేదులేవే, కాస్త పట్టుకుంది. మందు కొట్టి వచ్చాక చూద్దాం’ అంటాడు ఆయన. మందు కొట్టి వచ్చాక నొప్పి మరో మెట్టు ఎక్కుతుందే తప్ప దిగదు. పదహారు లీటర్ల ట్యాంకులో నీటి బరువే పదహారు కిలోలు. పంపు బరువు అదనం. దాన్ని వీపున వేసుకుని రోజంతా సాళ్ల వెంట తిరిగితే పట్టేసిన నడుము ఎలా కుదుటపడుతుంది?

సూదితో తగ్గిందంటే జబ్బు తగ్గినట్టేనా?

కాదు. పురుగు తినేస్తున్న మొక్కకు నీళ్లు పెడితే సాయంత్రానికి తేరుకున్నట్టే కనబడుతుంది. లోపల పురుగు అలాగే ఉంటుంది. నొప్పి సూదీ అంతే.

ఊళ్లలో ఎక్కువగా వాడే నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్ ఒకటి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే వాడితే చాలామందికి మేలు చేస్తుంది. రోజూ వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, బీపీ పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఎండలో చెమట కారి, సరిగా నీళ్లు తాగకుండా ఈ మాత్రలు మింగితే మూత్రపిండాలపై భారం ఇంకా పెరుగుతుంది. పశువుల వాడకానికి డైక్లోఫెనాక్ తయారీని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా చనిపోవడమే అందుకు కారణం. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లంత సున్నితం కాదు. అయినా మూత్రపిండాల మీద ఈ మందు ప్రభావం ఏమిటో దీన్నిబట్టి గుర్తుపెట్టుకోవచ్చు. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇలాంటి మాత్రలు వేసుకోకూడదు. శ్రీకాకుళం ఉద్దానం వంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల వారు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

మాత్రలపై సారా, బ్రాందీ తాగితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. మలం తారులా నల్లగా వస్తే అది రక్తమే కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మరో ప్రమాదం స్టెరాయిడ్లు. డెక్సామెథజోన్, బీటామెథజోన్, ప్రెడ్నిసలోన్ వంటివి. సూది పడగానే ఒళ్లంతా తేలికైనట్టుంటుంది, ఆకలి పెరుగుతుంది, ‘మంచి చేయి’ అని పేరొస్తుంది. కొన్ని జబ్బులకు ఇవి నిజంగా అవసరమైన మందులే. కానీ ఏమిటో తెలియకుండా నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. తొడ ఎముక తలకు రక్తప్రసరణ తగ్గి అది కుంగిపోయే జబ్బు కూడా వస్తుంది. ఎక్కువగా తాగేవారిలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. గజ్జల్లో నొప్పి, కుంటి నడక దీని గుర్తులు. తొలి దశలో పట్టుకుంటే కీలును కాపాడే అవకాశం ఉంది. ముదిరితే కీలుమార్పిడే గతి.

ఒక హెచ్చరిక: చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు ఇది చదివి ఉన్నపళంగా మానేయకూడదు. అదీ ప్రమాదమే. మందు చీటీ లేదా ఖాళీ అట్ట తీసుకెళ్లి డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

అన్ని నొప్పులూ ఒకటి కావు

పని నొప్పి: బరువు ఎత్తినప్పుడు, వంగినప్పుడు పట్టేసే నడుము నొప్పి. రెండుమూడు రోజులు బరువు పనులు తగ్గించి, వేడి కాపడం పెట్టుకుని, మెల్లగా నడుస్తుంటే ఎక్కువమందికి తగ్గుతుంది. రోజుల తరబడి మంచాన పడుకోవడం మంచిది కాదు. దానివల్ల కండరాలు మరింత బిగుసుకుంటాయి.

మోకాళ్ల అరుగుదల: వయసు పైబడే కొద్దీ వస్తుంది. గొంతుకూర్చుని చేసే పనులు, బరువు మోత దీన్ని పెంచుతాయి. నడిచేకొద్దీ నొప్పి, కూర్చుంటే ఉపశమనం దీని లక్షణం. తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు, ఒళ్లు తగ్గించుకోవడం దీనికి మొదటి మందు.

కీళ్లవాతం: వేళ్లు, మణికట్లు, పాదాల కీళ్లు రెండువైపులా వాస్తాయి. పొద్దున లేవగానే అరగంట, గంటదాకా పిడికిలి బిగుసుకోదు. ఆరు వారాలు దాటినా ఇలాగే ఉంటే తప్పనిసరిగా పరీక్ష చేయించాలి. మొదటి నెలల్లోనే సరైన మందు మొదలుపెడితే కీళ్లు వంకర్లు పోకుండా కాపాడవచ్చు. వంకర పోయాక మందుతో తిరిగి నిటారు కాదు. దీనికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

కుర్రాళ్ల నడుము నొప్పి: ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో నడుము నొప్పి మూడు నెలలు దాటి ఉంటోందా? పడుకుంటే పెరిగి, తిరుగుతుంటే తగ్గుతోందా? తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా? అయితే అది పని నొప్పి కాకపోవచ్చు. వెన్నుపూసలు క్రమంగా అతుక్కుపోయే ఒక రకం వాతం మగవాళ్లలో ఎక్కువగా గుర్తిస్తుంటారు. చాలామందిలో దీన్ని కనుక్కునేసరికి ఏళ్లు గడిచిపోతున్నాయి. ఇలాంటివారు కీళ్లవాతం నిపుణులకు చూపించుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది.

గౌటు: అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం వల్ల వస్తుంది. మగవాళ్లలోనే ఎక్కువ. మద్యం, ముఖ్యంగా బీరు దీన్ని రెచ్చగొడుతుంది. మందులతో బాగా అదుపులో ఉండే జబ్బు ఇది.

భుజం పట్టేయడం: చేయి పైకి లేవదు, చొక్కా తొడుక్కోలేరు. షుగరు ఉన్నవారిలో ఇది ఎక్కువ. కాబట్టి భుజం పట్టేస్తే షుగరు పరీక్ష కూడా చేయించుకోవాలి.

ఎలుక జ్వరం: మడిలో, బురదలో పనిచేసేవారికి జ్వరంతోపాటు పిక్కలు, నడుము విపరీతంగా నొప్పిపుట్టి, కళ్లు ఎర్రబడితే ‘పనికి ఒళ్లు నొప్పులు’ అని ఊరుకోవద్దు. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం కావచ్చు. త్వరగా మందు పడితే నయమవుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మన మెట్ట ప్రాంతాలకు ప్రత్యేకం

కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లోనూ, నల్లగొండ వైపూ నడుము, మెడ బిగుసుకుపోతే మరో విషయం ఆలోచించాలి. అదే ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి పరిశోధన 1937లో వెలువడింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గురించే అది. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం. వేరే నీరు దొరకనప్పుడు ఒకటిన్నర దాటకూడదు. ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ నీరు తాగితే పళ్లకు గార పడుతుంది, ఆనక వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎండలో పనిచేసే రైతు ఎక్కువ నీళ్లు తాగుతాడు కాబట్టి ఒంట్లోకి చేరే ఫ్లోరైడూ ఎక్కువే. ఇంటికి మంచి నీరు వచ్చినా పొలంలో బోరు నీళ్లే తాగేవారు చాలామంది. పొలానికి పోయేటప్పుడు మంచినీళ్ల క్యాను వెంట తీసుకెళ్లండి. బోరు నీటిని పరీక్ష చేయించండి. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి మళ్లించే మందు లేదు. నీరు మార్చుకోవడమే మార్గం.

ఈ గుర్తులుంటే ఒక్క రోజూ ఆగొద్దు

- నడుము నొప్పితోపాటు మూత్రం బిగుసుకుపోవడం, తెలియకుండా మూత్రం లేదా మలం పోవడం, మర్మావయవాల చుట్టూ, కూర్చునే భాగంలో తిమ్మిరి. నరాలు నొక్కుకుపోయాయని అర్థం. గంటలు కూడా విలువైనవే. ఆలస్యమైతే అది శాశ్వతంగా ఉండిపోవచ్చు.
- కాలు లేదా చేయి బలం తగ్గడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం.
- ఒకే కీలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, జ్వరం రావడం. కీలులో చీము పట్టి ఉండవచ్చు.
- వారాల తరబడి వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. వెన్నెముకకు క్షయ సోకి ఉండవచ్చు. క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం.
- చెట్టు మీంచి, ట్రాక్టరు మీంచి పడ్డాక నొప్పి.
- ఎడమ భుజం, చేయి, దవడ లాగడంతోపాటు గుండెల్లో బరువు, చెమటలు. ఇది కండరాల నొప్పి కాదు, గుండెపోటు కావచ్చు. వెంటనే 108కి ఫోను చేయాలి.

దెబ్బ తగిలినప్పుడు చాలామంది పుత్తూరు కట్టు వంటి నాటు కట్లకు వెళతారు. ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక చర్మం చీల్చుకు వచ్చినా, కట్టు కట్టాక వేళ్లు చల్లబడి నల్లగా మారినా, తిమ్మిరెక్కినా తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. బిగుతు కట్టు వల్ల చేయో కాలో పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

లెక్క వేసి చూద్దాం

రోజు కూలి ఆరు వందలు అనుకుందాం. ఆసుపత్రికి రెండు రోజులు పోతే పన్నెండు వందలు, చార్జీలకు మరో మూడు వందలు. మొత్తం పదిహేను వందలు. అదే వాయిదా వేసి, సరిగ్గా కోతల్లో నెల రోజులు మంచాన పడితే? ముప్పై రోజులకు పద్దెనిమిది వేలు పోతుంది. మన పని చేయడానికి పెట్టిన కూలి మనిషికి మరో పద్దెనిమిది వేలు. మధ్యలో సూదులకు, మాత్రలకు పెట్టిన ఖర్చు వేరే. పురుగు కనిపించిన రోజు కొట్టే మందుకూ, కాయంతా తొలిచాక కొట్టే మందుకూ ఉన్న తేడానే ఇక్కడా ఉంది.

ఆసుపత్రికి ఎలా వెళ్లాలి?

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే వెళ్లండి. వానొచ్చి పని ఆగిన రోజునో, ఎరువులకు మండల కేంద్రానికి పోయే రోజునో కలుపుకుంటే పని నష్టం తగ్గుతుంది. ముప్పై ఏళ్లు దాటినవారు బీపీ, షుగరు కూడా చూపించుకోండి.

డాక్టరు ముందు ‘ఒళ్లు నొప్పులండీ’ అని ఊరుకోకండి. ఎక్కడ నొప్పి, ఎన్ని వారాలుగా, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, వాపు ఉందా, జ్వరం వచ్చిందా, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు, మద్యం అలవాటు ఉందా అన్నవి దాచకుండా చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు చేసే పని ఏమిటో చెప్పి, ‘ఈ పని ఎలా మార్చుకుంటే చేయగలను?’ అని అడగండి. చాలామందికి పని పూర్తిగా మానాల్సిన అవసరం ఉండదు. ఆపరేషనే కావాలని చెబితే రెండో డాక్టరు సలహా తీసుకోండి. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

పనిలో చేసుకోవాల్సిన మార్పులు

- అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం ఒక మగ మనిషి మోసే బరువు 55 కిలోలు మించకూడదు. మన ధాన్యం బస్తా చాలాచోట్ల 75 కిలోలు. ఇద్దరు పట్టండి, లేదా చిన్న సంచుల్లో నింపండి. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే అయినా డీఏపీ 50 కిలోలు ఉంటుంది.
- బస్తా ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎత్తుతూ నడుము తిప్పకండి.
- మందు కొట్టేటప్పుడు ట్యాంకును నిండుగా కాకుండా మూడొంతులే నింపండి. పంపు పట్టీలు రెండు భుజాలకూ సమానంగా బిగించండి. పంపును నేల మీంచి కాకుండా గట్టు మీదో, పీట మీదో పెట్టి తగిలించుకోండి.
- ట్రాక్టరు తోలేవారు గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. సీటు మెత్తగా ఉండేలా చూసుకోండి.
- కలుపు తీతకు, పొగాకు గ్రేడింగుకు గొంతుకూర్చోకుండా చిన్న పీట వాడండి. పొడుగు కర్ర ఉన్న పనిముట్లు వంగే పనిని తగ్గిస్తాయి.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

‘ఎలా ఉంది?’ అని అడిగితే మగవాళ్లు ‘బానే ఉంది’ అనే అంటారు. మాట కంటే మనిషిని గమనించండి. మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడా, చెప్పులు వేసుకోవడానికి తడుముకుంటున్నాడా, మాత్రల ఖాళీ అట్టలు జేబులో పెరుగుతున్నాయా, సాయంత్రం తాగుడు ఎక్కువైందా చూడండి. వీటిలో ఏది కనిపించినా ‘పోయిరా’ అని చెప్పి వదిలేయకుండా వెంట వెళ్లండి. రైతు సంఘాల్లో, పాలకేంద్రం దగ్గర తోటివాళ్లు కూడా ‘నాకూ ఇలాగే ఉండేది, చూపించుకున్నా’ అని చెబితే మరొకరికి ధైర్యం వస్తుంది.

రెండు వారాలు దాటిన నొప్పి ఏదైనా సరే, రోజూ మాత్ర మింగితే తప్ప పని సాగని నొప్పి ఏదైనా సరే, డాక్టరుకు చూపించాల్సిందే. ఈ వారం మండలానికి పోయే పని ఏదైనా ఉంటే ఆ జాబితాలో దీన్నీ రాసుకోండి.